అమ్మ కంచంలో ఇనుము ఎంత?



పిల్లల లంచ్ బాక్సులో ఏం పెట్టాలో తరచూ మాట్లాడుకుంటాం. ఈ నెల ఆ బాక్సు సర్దే అమ్మ ఏం తింటోందో చూద్దాం. నాన్నలూ, పేజీ తిప్పేయకండి. ఇందులో మీ పనీ ఉంది.

పొద్దున్నే ఒక టీ. స్కూలు బస్సు, ఆఫీసు హడావిడి అయ్యాక పది గంటలకు మిగిలిన రెండు ఇడ్లీలు, వెంటనే మళ్లీ టీ. మధ్యాహ్నం అన్నం, పచ్చడి, మజ్జిగ. రాత్రి అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన కూర. చాలా ఇళ్లలో అమ్మ తిండి ఇదే. దీంతో కడుపు నిండుతుంది కానీ, రక్తానికి కావలసిన ఇనుము సరిగా అందదు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణి కాని స్త్రీకి డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనత అంటారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పురుషుడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. స్త్రీకి 29 కావాలి. నెలసరిలో పోయే రక్తం దీనికి ముఖ్య కారణం. అంటే ఇంట్లో ఇనుము ఎక్కువ అవసరమైన మనిషే అందరికన్నా చివర, మిగిలింది తింటోంది.

మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి నీరసం, తరచూ తలనొప్పి ఉంటే పని ఒత్తిడిలే అని సరిపెట్టుకోకండి.

ఏం తినాలి, ఎలా తినాలి?

• తోటకూర, మునగాకు, శనగలు, ఉలవలు, సజ్జలు, నువ్వులు వారమంతా మారుస్తూ వండండి. మాంసాహారులైతే మాంసం, చేప కూడా తినండి. వాటిలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది.

• ఆకుకూర పప్పులో దించాక నిమ్మరసం పిండండి. లేదా భోజనంతో ఒక జామకాయ తినండి. వీటిలోని సి విటమిన్ వల్ల ఇనుము బాగా ఒంటబడుతుంది.

• టీ, కాఫీ ఇనుమును ఒంటబట్టనివ్వవు. అందుకే టిఫిన్‌కీ టీకీ మధ్య కనీసం గంట విరామం ఇవ్వండి.

• పెసలు, శనగలు మొలకెత్తిస్తే వాటిలోని ఇనుము మరింత ఒంటబడుతుంది.

అమ్మాయి చూస్తోంది

నెలసరి మొదలైన అమ్మాయికీ ఇనుము అవసరం పెరుగుతుంది. ఒంట్లో రక్తం తక్కువైతే క్లాసులో నీరసంగా ఉంటుంది, పాఠం మీద మనసు నిలవదు. 'నాకేం వద్దులే, మీరు తినండి' అని అమ్మ రోజూ అంటుంటే, ఆడపిల్ల అలాగే ఉండాలేమో అనుకుంటుంది. అబ్బాయి కూడా అది మామూలే అనుకుంటాడు.

ఈ నెల తల్లిదండ్రుల హోంవర్క్

1. అమ్మ, పెద్దమ్మాయి ఇద్దరూ సీబీపీ రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ తక్కువుంటే డాక్టర్ చెప్పినట్టే ఐరన్ మాత్రలు వాడండి. వాటిని టీతోనో, కాల్షియం మాత్రతోనో కలిపి వేసుకోకండి.

2. రోజూ ఒక్క పూటైనా అందరూ కలిసి కూర్చుని తినండి. కూర ముందుగానే అందరి కంచాల్లో సమానంగా వడ్డించండి.

3. నాన్నలూ, ఉదయం బాక్సులు సర్దే పని మీరు పంచుకోండి. ఆ పది నిమిషాల్లో అమ్మ వేడివేడిగా టిఫిన్ తింటుంది.