మంచు కట్టని ఊళ్ళో మంచు ఆట

మన కరీంనగర్‌లో గాని, ఆదిలాబాదులో గాని చెరువు గడ్డకట్టగా చూసినవారు లేరు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాదు అడవి పల్లెల్లో చలి వణికిస్తుంది. కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 5 సెంటీగ్రేడు డిగ్రీల లోపుకు దిగుతుంది. అయినా నీరు గడ్డకట్టాలంటే 0 డిగ్రీలకు రావాలి గదా! కనుక మంచు మీద జారుతూ ఆడే ఆట మనది కాదని అనుకుంటాం. అయితే ఆ ఆటను నడిపే సూత్రాలు మాత్రం మన వాకిట్లోనే ఉన్నాయి. బొంగరం తిప్పే పిల్లవాడికీ, ఒప్పులకుప్ప ఆడే అమ్మాయికీ అవి ఎప్పటినుంచో పరిచయమే. ఎలాగో చూద్దాం.

తైపేలో మంచు ఎక్కడిది?

ఫిగర్ స్కేటింగులో పిల్లలకు ప్రపంచ జూనియర్ పోటీలు ఏటా జరుగుతాయి. ఒంటరి విభాగాల్లో పాల్గొనేవారి వయస్సు 13 నుంచి 18 ఏళ్ళ వరకు ఉంటుంది. అంటే సుమారుగా మీ ఈడువారే! 2024లో ఈ పోటీలు తైవాన్ ముఖ్యపట్టణం తైపేలో జరిగాయి. కర్కాటక రేఖ తైవాన్ ద్వీపం మీదుగానే పోతుంది. అక్కడి చెరువులూ గడ్డకట్టవు. మరి మంచు ఎక్కడిది?

దాన్ని నేల మీదనే తయారు చేస్తారు. నేల కింద దగ్గర దగ్గరగా గొట్టాలు పరిచి ఉంటాయి. వాటిలో సున్నకన్న బాగా చల్లబరచిన ద్రవం ప్రవహిస్తుంది. పైన నీటిని పలుచగా చల్లుతారు. అది గడ్డకట్టాక మరో పొర, దాని మీద ఇంకో పొర. ఇలా అంగుళం, అంగుళంన్నర మందం వచ్చేదాకా చేస్తారు. మీ ఇంటి ఫ్రిజ్‌లో జరిగేదీ ఇదే. వేడిని ఒకచోటి నుంచి తీసి మరోచోట విడిచిపెట్టడమన్నమాట.

మంచు ఎందుకు జారుతుంది?

మనిషి బరువంతా సన్నని ఇనుప పట్టీ మీద పడటంవల్ల, ఆ ఒత్తిడికి మంచు కరిగి నీరవుతుందని చాలాకాలం చెప్పుకున్నారు. ఒత్తిడి పెరిగితే మంచు ద్రవీభవన స్థానం తగ్గుతుందన్న మాట నిజమే. అయితే ఎంత తగ్గుతుందో లెక్క వేసి చూద్దాం.

స్కేటరు ద్రవ్యరాశి 50 కిలోలు అనుకోండి. అప్పుడు బరువు సుమారు 500 న్యూటన్లు. పట్టీ మంచును తాకే భాగం 10 సెంటీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుంటే వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్లు. వాతావరణ పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 10 న్యూటన్లు. కాబట్టి పట్టీ కింద ఒత్తిడి ఇంచుమించు 17 వాతావరణ పీడనాలు. ద్రవీభవన స్థానం ఒక్క డిగ్రీ తగ్గాలంటే సుమారు 135 వాతావరణ పీడనాలు కావాలి. అంటే ఇక్కడ తగ్గేది డిగ్రీలో ఎనిమిదో వంతు! ఆట జరిగే మంచు సున్నకన్న మూడు నాలుగు డిగ్రీలు కిందనే ఉంటుంది. కనుక ఒత్తిడి ఒక్కటే చాలదు.

అసలు సంగతి ఏమిటంటే, మంచు ఉపరితలంలోని అణువులకు పైన పట్టి ఉంచే తోడు అణువులుండవు. అందుచేత అవి లోపలి అణువులంత గట్టిగా కుదురుకోవు. సున్న డిగ్రీలకు కాస్త కిందకూడా ఆ పైపొర ద్రవంలా వదులుగా ఉంటుంది. ఇలాంటి పొర ఉండవచ్చునని మైకేల్ ఫారడే 1850లోనే ఊహించాడు. దానికి తోడు పట్టీ రాపిడివల్ల పుట్టే వేడికి మంచు కాస్త కరిగి ఆ పొర ఇంకా పెరుగుతుంది.

అయితే స్కేటరు ముందుకు జారినట్లు పక్కకు జారిపోడే! దానికి కారణం పట్టీ అడుగున ఉండే గాడి. ఆ గాడివల్ల పట్టీకి రెండు అంచులు ఏర్పడతాయి. శరీరాన్ని పక్కకు వాల్చినప్పుడు ఒక అంచు మంచులో దిగి పట్టు ఇస్తుంది. పొడవునా జారుడు, అడ్డంగా పట్టు – ఈ ఆటంతా ఈ రెంటి మీదనే నడుస్తుంది.

ఒప్పులకుప్ప పాఠం

ఒప్పులకుప్ప ఆడేటప్పుడు ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని, పాదాలు దగ్గరగా పెట్టి, వెనక్కి వాలి గిరగిరా తిరుగుతారు. తిరుగుతూ తిరుగుతూ చేతులు ముడిచి ఒకరికొకరు దగ్గరైతే ఏమవుతుంది? వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. మళ్ళీ దూరం జరిగితే తగ్గుతుంది.

తిరిగే వస్తువుకు కోణీయ ద్రవ్యవేగం అనే గుణం ఉంటుంది. బయటినుంచి తిప్పే ప్రయత్నం లేనంతసేపు అది మారదు. ద్రవ్యరాశి అక్షానికి ఎంత దూరంగా పరచుకుని ఉందో తెలిపేది జడత్వ భ్రామకం. ఈ భ్రామకాన్ని తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేదే కోణీయ ద్రవ్యవేగం. లబ్ధం మారకూడదు గనుక ఒకటి తగ్గితే రెండవది పెరగక తప్పదు. స్కేటరు చేతులు చాచి సెకనుకు రెండు చుట్లు తిరుగుతుందనుకోండి. చేతులు గుండెకు హత్తుకోగానే భ్రామకం మూడో వంతయితే, చుట్లు ఆరవుతాయి.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేయాలి. ఇప్పుడు గతిజ శక్తి కూడా మూడింతలయింది గదా, ఆ శక్తి ఎక్కడినుంచి వచ్చింది? చేతులు బయటికి లాగుతుంటే వాటిని బలవంతాన లోపలికి తెచ్చిన కండరాలు పని చేశాయి. ఆ పనే శక్తిగా మారింది. ఉచితంగా వచ్చింది ఏమీ లేదు!

నేల విడిచిన సాము

నేల విడిచి సాము చేయరాదని సామెత. స్కేటరు చేసేది సరిగ్గా అదే! కాని గెంతిన తర్వాత గాలిలో కొత్తగా భ్రమణం సంపాదించడం ఎవరివల్లా కాదు. ఎంత తిరగాలో అంతా మంచు మీద ఉండగానే, అంచుతో నెట్టి, సంపాదించుకోవాలి. గాలిలో చేయగలిగింది చేతులు, కాళ్ళు దగ్గరికి ముడుచుకోవడమే. దిగేటప్పుడు చేతులు చాచి, ఒక కాలు వెనక్కి సాచి వేగం తగ్గించుకుంటారు.

గాలిలో ఉండే కాలం 0.6 సెకను అనుకోండి. పైకి 0.3, కిందికి 0.3. కిందికి వచ్చే దూరం ½ × 9.8 × 0.3 × 0.3, అంటే సుమారు 44 సెంటీమీటర్లు. ఈ కొద్దికాలంలో మూడు చుట్లు తిరగాలంటే సెకనుకు అయిదు, నిమిషానికి 300 చుట్లు. మీ తరగతి గదిలో జోరుగా తిరిగే పంకా వేగం ఇంచుమించు ఇంతే!

నార్వే దేశస్థుడు యాక్సెల్ పాల్సన్ 1882లో చేసి చూపిన గెంతుకు అతని పేరే నిలిచింది. అది ముఖం ముందుకు ఉండగా ఎగిరి, వీపు ముందుకు ఉండగా దిగేది. అందుకే దానిలో ఎప్పుడూ ఒక అర చుట్టు అదనం. నాలుగున్నర చుట్లను సెకనుకు అయిదు చొప్పున తిరగాలంటే 0.9 సెకను గాలిలో ఉండాలి. అంటే దాదాపు ఒక మీటరు ఎత్తు ఎగరాలి! అది సాధ్యం కాదు గనుక తిరిగే వేగమే పెంచాలి. 2022 ఏప్రిల్‌లో జూనియర్ ప్రపంచ విజేత అయిన అమెరికా కుర్రవాడు ఇలియా మాలినిన్, అదే ఏడాది సెప్టెంబరులో, 17 ఏళ్ళ వయస్సులో ఈ నాలుగున్నర చుట్ల గెంతును పోటీలో మొదటిసారి సాధించాడు.

పెరగడం తప్పా?

జపాను బాలిక మావో షిమడా 2023లో కాల్గరీలోనూ, 2024లో తైపేలోనూ జూనియర్ ప్రపంచ విజేత అయింది. తైపేలో గెలిచిననాటికి ఆమెకు 15 ఏళ్ళు. రెండుసార్లూ రెండవ స్థానం కొరియా బాలిక షిన్ జియాది. తైపేలో బాలుర విజేత కొరియాకు చెందిన సో మిన్‌క్యు. ఈ ఆటను ఇష్టపడి చూసేవారికి గెంతులకన్న ఎక్కువగా గుర్తుండేది ఇంకొకటుంది. పిల్లలు పడతారు. సంగీతం ఆగదు. మరుక్షణం లేచి, అడుగు కలుపుకుని సాగిపోతారు. ఒక పతనానికి ఒక మార్కు పోతుంది గాని, ఆట పోదు.

కాని వీరందరికీ ఎదురయ్యే పరీక్ష ఒకటుంది. అది పెరుగుదల. 150 సెంటీమీటర్ల బాలిక 165కు పెరిగిందనుకోండి, అంటే పదో వంతు. వెడల్పు, మందమూ అదే నిష్పత్తిలో పెరిగితే ద్రవ్యరాశి 1.33 రెట్లవుతుంది. జడత్వ భ్రామకంలో దూరపు వర్గం కూడా చేరుతుంది గనుక అది 1.61 రెట్లు! కండరాల బలం వాటి అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి 1.21 రెట్లే పెరుగుతుంది. నిన్న వచ్చిన గెంతు నేడు రాకపోవడానికి కారణం సోమరితనం కాదు, గణితం.

అయితే ఎదగకుండా ఉండటానికి తిండి మానుకోవాలా? ఎంతమాత్రం కూడదు. దిగే క్షణంలో కాలి మీద పడే బలం శరీరపు బరువుకు అనేక రెట్లుంటుంది. ఎదిగే ఎముకల చివర్లు ఇంకా మెత్తగానే ఉంటాయి. తిండి చాలకపోతే ఎముక మరింత బలహీనపడుతుంది. అందుకే అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం 2022లో పెద్దల పోటీలకు కనీస వయస్సును 15 నుంచి క్రమంగా 17కు పెంచింది. ఈ నియమంవల్ల షిమడాకు 2026 ఒలింపిక్సులో పాల్గొనే వీలు లేకపోయింది. ఒక పతకం అవకాశం పోయిందని బాధపడేవారున్నారు. ఎన్నో మోకాళ్ళు, చీలమండలు మిగిలాయని సంతోషించేవారూ ఉన్నారు. మీరేమంటారు?

మంచు లేకున్నా

మన దేశంలో సహజంగా గడ్డకట్టిన మంచు మీద ఆడాలంటే సిమ్లా వంటి కొండ ఊళ్ళకు పోవాలి. కాని చక్రాల బూట్లకు నున్నని సిమెంటు నేల చాలు. గెంతులు, చుట్లు, సంగీతం అన్నీ ఆ ఆటలోనూ ఉన్నాయి. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఇలాంటి స్కేటింగులోనే ఒంటరిగా ఒకటి, అవని పంచాల్‌తో జంటగా మరొకటి, రెండు కాంస్య పతకాలు గెలిచాడు. 2015 సంవత్సరానికి అర్జున పురస్కారం అందుకున్నాడు. మంచు అక్కడ లేదు, కోణీయ ద్రవ్యవేగ నియమం మాత్రం అదే!

చేసి చూడండి

1. తిరిగే కుర్చీలో కూర్చుని, రెండు చేతుల్లో నీళ్ళు నింపిన లీటరు సీసాలు పట్టుకుని చేతులు చాచండి. స్నేహితుణ్ణి మెల్లగా తిప్పమనండి. తర్వాత సీసాలను గుండెకు దగ్గరగా తెచ్చుకోండి. పక్కన ఒకరు కుర్చీ పట్టుకుని ఉండాలి సుమా!

2. ఒక బాలుడు 0.5 సెకను గాలిలో ఉన్నాడు. ఎంత ఎత్తు ఎగిరాడు? సెకనుకు నాలుగు చుట్లయితే ఎన్ని చుట్లు తిరిగాడు?

3. చక్రాల బూట్లు మంచు బూట్లకన్న బరువు అనుకుంటే, గెంతడం ఏ రెండు కారణాలవల్ల కష్టమవుతుంది? ఆలోచించి రాయండి.