వినబడని పెద్దలతో మన వ్యవహారం

దివ్య ఖుర్ఆన్‌లో అల్లాహ్ తన అనుగ్రహాలను జ్ఞాపకం చేస్తూ వినికిడిని, చూపును, హృదయాన్ని అనేక చోట్ల కలిపి పేర్కొన్నాడు. ఆ వరుసలో ఎక్కువ చోట్ల వినికిడే ముందు వస్తుంది. వ్యాఖ్యాతలు దీనిపై విస్తారంగా చర్చించారు. మనం ఇక్కడ ఆ చర్చలోకి పోవడం లేదు. మన ఇళ్ళలోని వృద్ధులకు ఈ అనుగ్రహం కొద్దికొద్దిగా తగ్గిపోతున్నప్పుడు వారి మనసుకు, ఆరోగ్యానికి ఏమవుతుంది, ఇంటిల్లిపాది మీద ఏ బాధ్యత పడుతుంది అన్నదే మన విషయం.

చూపు మందగించిన తండ్రికి కళ్ళద్దాలు కొనివ్వడానికి మనం ఆలస్యం చేయం. వినికిడి మందగిస్తే మాత్రం 'వయసైపోయింది, అంతేలే' అని ఊరుకుంటాం. ఇది ఒకరిద్దరి సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం అరవై ఏళ్ళు దాటినవారిలో పాతిక శాతానికి పైగా రోజువారీ జీవితానికి అడ్డువచ్చేంత వినికిడి లోపంతో ఉన్నారు.

వయసుతో వచ్చే చెవుడు ఒక్కరోజులో రాదు. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సన్నని రోమ కణాలు ఏళ్ళ తరబడి నశిస్తూ వస్తాయి. ఒకసారి పోయినవి మళ్ళీ పుట్టవు. ముందుగా పోయేది సన్నని, కీచు శబ్దాలను పట్టే శక్తి. అచ్చులు బాగానే వినిపిస్తాయి గాని స, ష, త, ప, క వంటి హల్లులు జారిపోతాయి. 'చేప' అంటే 'చేట' అని, 'పాక' అంటే 'పాట' అని అనిపిస్తుంది. అందుకే పెద్దవారు తరచు "మాట వినబడుతోంది బేటా, ఏమంటున్నావో తెలియడం లేదు" అంటారు. ఇది సాకు కాదు, నూటికి నూరుపాళ్ళు నిజం. మనవళ్ళ, మనవరాళ్ళ సన్నని గొంతులు దాదీకి అందకపోవడానికీ ఇదే కారణం. ఆమెకు అత్యంత ప్రియమైన గొంతులే ముందుగా దూరమవుతాయి.

ఆ తరువాత జరిగేదే అసలు నష్టం. నలుగురు కూర్చుని నవ్వుకుంటుంటే దాదాజాన్‌కు ఆ నవ్వు ఎందుకో తెలియదు. ఒకసారి అడుగుతారు, రెండోసారి అడుగుతారు. "ఏం లేదులే" అన్న జవాబు వస్తుంది. మూడోసారి అడగరు. ఊరికే తల ఊపడం నేర్చుకుంటారు. పెళ్ళిళ్ళకు రానంటారు, ఫోను ఎత్తరు, మగ్రిబ్ తరువాత మస్జిద్ అరుగు మీద తోటివారితో కూర్చోవడం మానేస్తారు. చుట్టూ ఇంత సంసారం ఉండగానే ఆయన ఒంటరివారైపోతారు. దిగులు పట్టుకుంటుంది. కొందరిలో అనుమానం కూడా మొదలవుతుంది, తన గురించే గుసగుసలాడుతున్నారని. ఇంట్లోవారు దీన్ని చాదస్తం అంటారు.

మతిమరుపు విషయం కూడా చెప్పుకోవాలి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, వినికిడి లోపం స్వల్పంగా ఉన్నవారికి మతిభ్రంశపు ముప్పు రెండింతలు, మధ్యస్థంగా ఉన్నవారికి మూడింతలు, తీవ్రంగా ఉన్నవారికి అయిదింతలు కనిపించింది. చెవి మిషన్ పెడితే ఈ ముప్పు తప్పుతుందా? 70 నుంచి 84 ఏళ్ళ వయసుగల 977 మందిపై మూడేళ్ళు సాగిన ఒక పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. అందరినీ కలిపి చూస్తే పెద్ద తేడా కనబడలేదు. ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో మాత్రం జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే వేగం 48 శాతం తగ్గింది. కాబట్టి మిషన్‌ను సర్వరోగ నివారిణి అనుకోరాదు, పనికిమాలిన వస్తువుగానూ తీసిపారేయరాదు. మరో సంగతి: డాక్టరు అడిగిన ప్రశ్న వినబడక తప్పు జవాబు చెప్పే పెద్దవారిని మతి తప్పినవారిగా లెక్కించే ప్రమాదం ఉంది. ముందు చెవులు చూపించడం మంచిది.

ధర్మం ఏమంటోంది?

బనీ ఇస్రాయీల్ సూరాలో, వృద్ధులైన తల్లిదండ్రుల ముందు విసుగుతో 'ఉఫ్' అనే పాటి మాటను సైతం అల్లాహ్ నిషేధించాడు. ఒకే మాటను నాలుగోసారి చెప్పవలసి వచ్చినప్పుడు మన నోట వెలువడే నిట్టూర్పు సరిగ్గా ఆ ఉఫ్ కాదా? హుజురాత్ సూరాలో ఎగతాళిని, చెడ్డ పేర్లు పెట్టి పిలవడాన్ని వారించాడు. 'చెవిటి మాలోకం' అన్న పిలుపు మన వాడల్లో ఎంత తేలికగా చెల్లిపోతోందో అందరికీ తెలుసు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అనే సామెత కూడా ఆ కోవలోదే. పిల్లల ముందు వాడకపోతేనే నయం.

హజ్రత్ అబూజర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ముస్నద్ అహ్మద్‌లో ఉంది. దైవప్రవక్త (స) అందులో ఎన్నో చిన్న చిన్న పనులను సదఖాగా లెక్కించారు. చెవిటివానికి అర్థమయ్యేదాకా వినిపించడం వాటిలో ఒకటి. వినిపించడంతో ఆగకుండా 'అర్థమయ్యేదాకా' అన్న షరతు ఉండటం గమనార్హం.

మక్కా విజయం నాడు హజ్రత్ అబూబక్ర్ (రజి) చూపు పోయిన తన వృద్ధ తండ్రి అబూ ఖుహాఫాను ప్రవక్త (స) సన్నిధికి తీసుకువచ్చారు. పెద్దాయనను ఇంటివద్దే ఉంచితే తామే వెళ్ళేవారము కదా అన్నారట ఆయన (స). అప్పటికి ఆ వృద్ధుడు ఇంకా ఇస్లాం స్వీకరించలేదు. ఇంద్రియం ఉడిగిన పెద్దల దగ్గరకు మనమే నడిచి వెళ్ళాలన్న పాఠం ఇందులో ఉంది.

ఇక ఆచరణ

వంటింట్లోంచి కేకవేస్తే లాభం లేదు. దగ్గరకు వెళ్ళి, ఎదురుగా కూర్చుని, మన ముఖం మీద వెలుతురు పడేలా చూసుకుని మాట్లాడాలి. వారు పెదవులు చూసి సగం మాట పట్టుకుంటారు. 2020లో కరోనా వచ్చి అందరూ మాస్కులు కట్టుకున్నప్పుడు ఎందరో వృద్ధులు ఒక్కసారిగా దిక్కుతోచక పోవడానికి ఇదే కారణం. అరవకూడదు. దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం బాధపెడుతుంది. పైగా అరుపులో మాట రూపం చెడుతుంది, ముఖం కోపంగా కనిపిస్తుంది. నిదానంగా, స్పష్టంగా చెప్పాలి. ఒక మాట అందకపోతే దాన్నే పదిసార్లు అనకుండా మరో మాటలో చెప్పాలి. టీవీ కట్టేయడం అన్నిటికంటే సులభమైన సాయం.

చెవుడంతా వయసుదే అనుకోవడం కూడా పొరపాటు. గుబిలి గట్టిపడి అడ్డుకుంటే డాక్టరు కొద్ది నిమిషాల్లో తీసేస్తారు. పిన్నీసులు, అగ్గిపుల్లలు మాత్రం వద్దు. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా ఒక చెవి వినబడటం మానేస్తే దాన్ని అత్యవసరంగా భావించి వెంటనే చెవి డాక్టరు వద్దకు వెళ్ళాలి. ఆలస్యమైతే వైద్యం పనిచేయకపోవచ్చు.

మిషన్‌ను పరీక్ష చేయించకుండా అంగట్లో కొనరాదు. ఎవరి చెవిలో ఏ శబ్దాలు ఎంత తగ్గాయో చూసి దాన్ని సర్దుతారు. మొదటి వారాల్లో గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు కూడా పెద్దగా వినిపించి చిరాకు పుడుతుంది. చాలామంది అప్పుడే దాన్ని తీసి బీరువాలో పెట్టేస్తారు. రోజుకు కొంతసేపు చొప్పున అలవాటు చేయిస్తూ ఇంట్లో ఎవరో ఒకరు వెంట ఉండాలి. వుజూకు ముందు తీసి, చెవులు తడి ఆరాక పెట్టుకోమనాలి. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పేద వృద్ధులకు వినికిడి మిషన్ల వంటి పరికరాలను ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. మేము చూసినంతలో, తండ్రిని పరీక్షకు తీసుకువెళ్ళే ఇళ్ళలో కూడా తల్లి వంతు వచ్చేసరికి 'ఆమె ఇంట్లోనే ఉంటుంది కదా' అనేస్తున్నారు. ఇంట్లో ఉండే మనిషికే ఇంటివాళ్ళ మాటలు వినబడాలి.

చివరిగా ఒక సున్నితమైన విషయం. ఇల్లు అమ్మకం, మనవరాలి నిఖా, వసీయత్ వంటి వాటిని మాట్లాడుకునేటప్పుడు పెద్దవారిని పక్కన కూర్చోబెట్టి, వారు తల ఊపగానే ఒప్పుకున్నారని రాసేసుకునే పద్ధతి కొన్ని ఇళ్ళలో ఉంది. వినబడని మాటకు ఊపిన తల అంగీకారం కాదు. అటువంటి రోజున విషయాన్ని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి వారి చేతికివ్వాలి. వచ్చినవారు ఒకరి తరువాత ఒకరు మాట్లాడాలి. చదువు రానివారైతే నమ్మకమైన ఒకరు దగ్గర కూర్చుని ఒక్కొక్క మాట చెప్పి, వారికేం అర్థమైందో తిరిగి వారి నోటితోనే చెప్పించుకుని, ఆ తరువాతే వేలిముద్ర అడగాలి.