రిస్ట్ రెస్ట్ కొన్నారా? టైప్ చేసేటప్పుడు మాత్రం దాని మీద మణికట్టు ఆనించకండి

మెకానికల్ కీబోర్డ్ కొన్నప్పుడు దాంతో పాటే ఒక మెమరీ ఫోమ్ రిస్ట్ రెస్ట్ కూడా ఆర్డర్ పెట్టాను. చెయ్యి పెట్టగానే దిండు మీద పెట్టినట్టు హాయిగా అనిపించింది. మూడు నెలలు తిరిగేసరికి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి అర్ధరాత్రి మెలకువ రావడం మొదలైంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే అడిగిన మొదటి ప్రశ్న, "టైప్ చేస్తున్నప్పుడు మణికట్టు ఎక్కడ పెడతావ్?" అని. రోజంతా ఆ ఫోమ్ మీదే పెడుతున్నా మరి!

మణికట్టు లోపల ఏం జరుగుతుంది?

మణికట్టు ఎముకలకీ, వాటి పైనుంచి వెళ్లే గట్టి లిగమెంట్‌కీ మధ్య ఒక ఇరుకైన దారి ఉంటుంది. అదే కార్పల్ టన్నెల్. వేళ్లని ముడిచే 9 టెండన్లు, మీడియన్ అనే నరం అందులోంచే వెళ్లాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలిలో సగం.. వీటి స్పర్శ ఈ నరానిదే. మణికట్టుని పైకి వంచినా, కింది నుంచి నొక్కినా ఆ టన్నెల్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఫోమ్ ఎంత మెత్తగా ఉన్నా గంటల తరబడి ఆనిస్తే జరిగేది అదే. పైగా మణికట్టు ఒకేచోట ఉండిపోతే, బ్యాక్‌స్పేస్ కోసం చెయ్యి కదలదు, మణికట్టే పక్కకి వంగుతుంది.

మరి ఎలా వాడాలి?

అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చెప్పేది సింపుల్. టైప్ చేసేటప్పుడు చేతులు ప్యాడ్‌కి పైన, ఫ్రీగా కదలాలి. ఆగి ఆలోచిస్తున్నప్పుడో, స్క్రీన్ మీద ఏదైనా చదువుతున్నప్పుడో ప్యాడ్ మీద ఆనించుకోవచ్చు. అప్పుడు కూడా ఆనాల్సింది అరచేతి అడుగున ఉండే కండ, మణికట్టు కాదు. మౌస్‌ని కూడా మణికట్టుతో తిప్పకుండా మోచేతి నుంచి కదపండి.

కొనేటప్పుడు చూడాల్సినవి

1. ఎత్తు: కీబోర్డ్ ముందు అంచు ఎంత ఎత్తుందో స్కేల్‌తో కొలవండి. ప్యాడ్ కూడా అంతే ఉండాలి. లాప్‌టాప్ కీబోర్డ్ వాడేవాళ్లకి విడిగా ప్యాడ్ అక్కర్లేదు.

2. ఫోమ్: మెమరీ ఫోమ్ 1966లో నాసా ఏమ్స్ రీసెర్చ్ సెంటర్ కోసం తయారైంది, విమానం సీట్ల కోసం. ఒంటి వేడికి మెత్తబడి చేతి ఆకారంలోకి వస్తుంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే కింద టేబుల్ తగులుతుందా? అయితే వదిలేయండి.

3. కవర్: మన ఎండలకి చేతులు చెమట పడతాయి. తీసి ఉతుక్కునే గుడ్డ కవర్ ఉంటే మంచిది.

ముంజేతుల సంగతి

టేబుల్ అంచు ముంజేతికి గుచ్చుకుంటుంటే అంచుకి తగిలించే ఫోమ్ ప్యాడ్ పనికొస్తుంది. కానీ ముందు కుర్చీ ఎత్తు సరిచేయండి. మోచేతులు దాదాపు కీబోర్డ్ ఎత్తులోనే ఉండాలి, భుజాలు పైకి లేవకూడదు. కుర్చీ పెంచాక కాళ్లు నేలకి అందకపోతే కింద ఒక అట్టపెట్టె పెట్టుకోండి. కీబోర్డ్ వెనక కాళ్లు మడిచేయండి, అవి లేపితే మణికట్టు ఇంకా పైకి వంగుతుంది. ఇవన్నీ ఫ్రీ.

డబ్బులు పెట్టే ముందు ఒక చిన్న టెస్ట్: చిన్న టవల్‌ని కీబోర్డ్ ఎత్తుకి చుట్టి, ముందు పెట్టుకుని రెండు రోజులు పని చేసి చూడండి. తేడా అనిపిస్తేనే కొనండి.

నా ప్యాడ్ ఇంకా టేబుల్ మీదే ఉంది, వాడే పద్ధతే మారింది. డాక్టర్ చెప్పినట్టు కొన్ని వారాలు రాత్రి స్ప్లింట్ కట్టుకున్నాక తిమ్మిర్లు తగ్గాయి. మీకూ రాత్రిపూట తిమ్మిర్లు వస్తున్నా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా, కార్ట్‌లో ఇంకో గ్యాడ్జెట్ వేయకండి. ముందు డాక్టర్‌కి చూపించండి.