ఆహారౌషధ సంబంధము: కువైట్ ప్రవాసాంధ్రులు

కడప, రాయచోటి, గోదావరి సీమలనుండి జీవనోపాధికై కువైట్ చేరిన మనవారి నిత్యాహారములో ఖుబ్బూస్ అను రొట్టె, లబన్ అను మజ్జిగ, జర్జీర్ ఆకు చోటు చేసికొనుటవలన, మాత్రకును మెతుకునకును గల సంబంధము వారెల్లరు తప్పక యెరుంగవలసిన విషయమైనది.

లబన్‌లోని కాల్షియము సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్ మున్నగు ఔషధములతో ప్రేగులయందే బంధమేర్పరచుకొని వానిని రక్తమున తగినంతగా చేరనీయదు. కావున సిప్రోఫ్లాక్సాసిన్‌ను లబన్‌కు రెండు గంటల ముందుగానైనను, ఆరు గంటల పిమ్మటనైనను సేవింపవలెను. రంజాను ఉపవాసము విడుచు వేళ ఈ మాత్రను లబన్‌తో మ్రింగుట యెంత సహజమో అంత నిష్ఫలము.

జర్జీర్‌లో విటమిన్-కె సమృద్ధము. ఈ విటమిన్ పరిశోధనకే హెన్రిక్ డామ్, ఎడ్వర్డ్ డోయిసీలు 1943 నోబెల్ బహుమానమునందిరి. 1954లో మానవచికిత్సకు అనుమతింపబడిన వార్ఫరిన్, రక్తము గడ్డకట్టకుండ ఈ విటమిన్ క్రియనే అడ్డగించును గనుక, దానిని వాడువారు జర్జీర్‌ను నేడు కట్టలకొలది తిని రేపు మానుట ప్రమాదకరము; ఆకును విసర్జింప నక్కరలేదు, పరిమాణము నిలకడగా నుండిన చాలును.

ముఖ్యముగా గుర్తుంచుకొనదగినది గ్రేప్‌ఫ్రూట్ వృత్తాంతము. కెనడాలో డేవిడ్ బెయిలీ బృందము, ఒక ప్రయోగములో మద్యపు రుచిని కప్పిపుచ్చుటకై ఈ పండ్లరసమును వాడగా, రక్తపోటు మందైన ఫెలోడిపిన్ రక్తములో అనూహ్యముగా పెరిగినట్లు 1989లో వెల్లడించెను. ప్రేగులలోని సీవైపీ3ఏ4 అను ఎంజైమును ఆ రసము స్తంభింపజేయుటయే కారణము; కొలెస్టరాలు మందగు సిమ్వాస్టాటిన్‌కును ఇదే గతి. మన పంపరపనసయు ఈ కోవలోనిదే.

ఖర్జూరములో పొటాషియ మధికము. శరీరములో పొటాషియమును నిలిపియుంచు మందగు స్పైరనోలాక్టోన్ వాడువారు దానిని మితముగా భుజింపవలెను.