తొలిపలుకు

మహారాష్ట్రను దాటి వచ్చిన గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే తావు నిజామాబాదు జిల్లాలోని కందకుర్తి. మంజీర, హరిద్ర నదులు అక్కడే గోదావరితో సంగమిస్తాయి. భాషలు కూడా కలిసిన ఊరది. తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ ఒడిలోని పసిబిడ్డ చెవిని సోకుతుంటాయి. ఇన్ని భాషల నడుమ బిడ్డకు మాటలు ఆలస్యమవుతాయేమోనని కొందరు పెద్దలు శంకిస్తారు. ఆ శంకకు ఆధారం లేదు. శిశువు పలకడానికి ఎంతో ముందే వినడం నేర్చుకుంటుంది.

1984లో కెనడాకు చెందిన జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ప్రకటించిన పరిశోధన ఇందుకు నిదర్శనం. హిందీలోని త, ట ధ్వనుల భేదాన్ని ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని ఆరు నుండి ఎనిమిది నెలల శిశువులు గుర్తించగలిగారు. ఏడాది నిండేసరికి ఆ నేర్పు వారిలో చాలావరకు అంతరించింది. హిందీ వింటూ పెరిగిన శిశువులలో నిలిచింది. ఇంగ్లీషులో ఆ భేదం లేదు గదా! కందకుర్తి శిశువు వినే మూడు భాషలలోనూ అది ఉన్నది.

నోటి సాధన నెమ్మదిగా సాగుతుంది. రెండు మూడు నెలలకు 'ఊఁ' కొట్టే శిశువు, ఆరేడు నెలలకు 'బబబ', 'మమమ' అని అక్షరాలను దొంతరలుగా పేరుస్తుంది. ప, బ, మలు ఓష్ఠ్యాలు. పెదవులు కలిపి విడిస్తే చాలు. ఆ కదలిక తల్లి ముఖాన కంటికీ కనిపిస్తుంది. అమ్మ, పాప, బువ్వ వంటి మాటలు తొలుత రావడంలో వింత లేదు. రేఫ, సంయుక్తాక్షరాలు మాత్రం కొన్నేళ్ళు లొంగవు. రాముడు 'లాముడు' అవుతాడు. ప్రసాదం 'పసాదం' అవుతుంది. ప్రాచీన ప్రాకృతంలోనూ ఆ మాట 'పసాద' అనే ఉండటం ముచ్చటైన విషయం.

బోధను చెరకు సీమలోని పిల్లవాడు 'చక్కెల' అడిగాడనుకుందాం. నాయనమ్మ మురిసిపోయి "చక్కెల కావాల్నా బిడ్డా?" అంటే వాడు ఒప్పుకోడు. "చక్కెల కాదు, చక్కెల!" అని కోపగిస్తాడు. ఆమె "చక్కెర" అనగానే తల ఊపుతాడు. నోరు తప్పినా చెవి తప్పలేదన్నమాట. 1960లో అమెరికాలో జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ ఇట్టి ఘటననే ఒక ఆంగ్ల బాలుని విషయంలో పేర్కొన్నారు.

చిక్కంతా చెవి వినకపోయినప్పుడే. పుట్టుచెవుడు గల శిశువు కూడా తొలి నెలలలో కేరింతలు కొడుతుంది. అందుచేత తల్లిదండ్రులకు అనుమానం రాదు. 'బబబ', 'దదద' అనే దొంతర పది నెలలు నిండినా వినిపించకపోతే, "వాళ్ళ నాయనకూ మాటలు ఆలస్యంగానే వచ్చినయి" అని ఊరట చెందక వెంటనే వినికిడి పరీక్ష చేయించాలి. రేఫ పలకని మూడేళ్ళ పిల్లవానికి అంత తొందర అవసరం లేదు.