పారిష్

ఇంగ్లండు పల్లెలలో పూర్వము వసంతకాలమున ఒక వింత ఊరేగింపు జరుగుచుండెడిది. గురువు, ఊరి పెద్దలు, బాలురు కలిసి పొలిమేర వెంబడి నడచెడివారు. సరిహద్దు రాయి కనబడినచోట బాలురు దానిని బెత్తములతో కొట్టుదురు. కొన్నిచోట్ల బాలురనే ఆ రాతికి మోదుటయు కలదు! దెబ్బ తగిలిన చోటును పిల్లవాడు ముసలివాడైనను మరువడని పెద్దల యెన్నిక. పటములు అరుదైన ఆ కాలమున ఈ జ్ఞాపకమే దస్తావేజు.

పొలిమేరపై ఇంత పట్టుదల యేల? ఆ గీత లోపలి ప్రదేశమునకు పారిష్ అని పేరు. ఒక చర్చి, ఒక గురువు, ఆయన పరామర్శలో నుండు జనము, ఇదియే క్రైస్తవ సంఘమున పారిష్. తెలుగు కతోలికులు దీనిని 'విచారణ' యందురు. జనుల మంచిచెడ్డలు విచారించుట గురువు విధి గనుక ఈ పేరు చక్కగా అమరినది. ఇంగ్లండులో పారిష్ వాసులు పంటలో పదవవంతు చర్చికి చెల్లించెడివారు. 1538లో ఎనిమిదవ హెన్రీ రాజు మంత్రియైన థామస్ క్రామ్‌వెల్, ప్రతి పారిష్‌లోను బాప్తిస్మములను, వివాహములను, ఖననములను పుస్తకమున వ్రాసియుంచవలెనని ఆజ్ఞాపించెను. పేరు ప్రతిష్ఠలు లేని కూలివాని ఉనికియు అట్లు కాగితమున నిలిచినది.

ఊరూర నెలకొనియున్న ఈ ఏర్పాటును ప్రభుత్వము క్రమముగా తన పనులకు వినియోగించుకొనెను. 1555 చట్టము బాటల మరమ్మతును పారిష్‌కు అప్పగించెను. 1601 చట్టము బీదల పోషణభారమును దానిపై మోపెను. అందుకై ఆస్తిపరులు పన్ను కట్టవలెను. గురువు వస్త్రములుంచు వెస్ట్రీ గదిలో కూడుటచే ఊరి సభకును వెస్ట్రీ అనియే పేరు వచ్చినది.

పన్ను కట్టువారికి పరాయి బీదవాడు కంటగింపయ్యెను. 1662 చట్టము ప్రకారము, క్రొత్తగా వచ్చినవాడు ముందుముందు భారము కాగలడని తోచినచో, నలువది దినములలోపల ఫిర్యాదు చేసి, న్యాయాధికారుల ఉత్తరువుతో వానిని వెనుకటి పారిష్‌కు పంపివేయవచ్చును. వాడు నేరము చేసియుండనక్కరలేదు. చేయి చాచియు ఉండనక్కరలేదు. అవివాహితకు పుట్టిన శిశువు పుట్టినచోటికే చెందునను నియమముండుటచే, అట్టి గర్భిణులను ప్రసవమునకు ముందే పొలిమేర దాటించుచుండిరి. పారిష్ అను మాటకు మూలమైన గ్రీకు పదమునకు పొరుగున తాత్కాలికముగ నివసించుట, పరదేశివాసము అని అర్థము! 1776లో ఆడమ్ స్మిత్ ఈ చట్టమును తీవ్రముగ ఖండించెను. 1795లో, నిజముగ సహాయము కోరినవానినే తప్ప వెడలగొట్టరాదని చట్టము సవరింపబడెను.

1894 చట్టము రెండింటిని వేరుచేసెను. ఆరాధన పారిష్ చర్చికి మిగిలెను. గ్రామపాలన ఎన్నికైన సభకు సంక్రమించెను. స్త్రీలును ఆ సభలకు ఎన్నిక కావచ్చునని అప్పుడే అంగీకరింపబడుట విశేషము. నేడు ఇంగ్లండులో ఇట్టి సభలు సుమారు 10,000 కలవు. ఆటస్థలములు, వీధిదీపములు, శ్మశానములు వంటివి వాని యధీనమున నుండును. అమెరికాలోని లూసియానా రాష్ట్రమున 64 జిల్లాలను నేటికిని పారిష్‌లనియే పిలుతురు. అచ్చట వానికిని చర్చికిని ఇప్పుడు పేరు తప్ప సంబంధము లేదు.