చీమల ధాన్యము ఎవరిది?

సామెతలు 6వ అధ్యాయములోని చీమ వేసవిలో ఆహారము కూర్చుకొనును. చీమలు గింజలు దాచవని ఐరోపా పండితులు కొందరు వాదించిరి. వారి చలిదేశములలో అట్టి చీమలు కానరావు మరి! 1873లో మాగ్రిడ్జ్ అను ఆంగ్లేయుడు దక్షిణ ఫ్రాన్సులో పుట్టలు త్రవ్వి, గింజల కొట్లను చూచి వ్రాసెను. మోయునవన్నియు ఆడచీమలే. రాణి గ్రుడ్లు పెట్టునే గాని ఆజ్ఞలియ్యదు.

అయితే ఆ గింజలు రైతు చేనివే గదా! సుమారు క్రీ.శ. 200లో కూర్చబడిన యూదుల మిష్నా దీనిని విచారించినది. కోయని చేనిలోని పుట్టగింజలు యజమానునివి. కోత పిమ్మటనైతే పైవి బీదలవి, అడుగువి యజమానునివి. పైవి రాలిన పరిగెనుండి మోసినవై యుండవచ్చును. రబ్బీ మేయీరు దీనికి ఒప్పుకొనలేదు. సందేహమున్న పరిగె బీదలదే గనుక అన్నియు వారికే చెందుననెను. మనకును ఆయన పక్షమే న్యాయముగా తోచుచున్నది.